ఆన్‌లైన్ జిగ్‌సా పజిల్‌తో టీమ్‌లో మాట కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే టీమ్‌లో పనిచేస్తున్నా ఒకరినొకరు తెరమీద తప్ప చూసుకోనివారు ఇప్పుడు చాలా సంస్థల్లో ఉన్నారు. హైదరాబాద్ ఆఫీసులో కొందరు, విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటి నుంచి కొందరు, అమెరికాలో మరికొందరు పనిచేసే టీమ్‌లలో కొత్తవారికీ పాతవారికీ మాట కలపడానికి ఆన్‌లైన్ జిగ్‌సా పజిల్‌ను (ముక్కలుగా కోసిన బొమ్మను తిరిగి పేర్చే ఆటను) ఎలా తయారుచేయాలో, ఎలా నడపాలో తెలుసుకోదలచిన టీమ్ లీడ్‌ల కోసం, హెచ్ఆర్ ఉద్యోగుల కోసం, శిక్షణ తరగతులు నిర్వహించేవారి కోసం ఈ పేజీని రాశాం.

అందరిచేతా పరిచయాలు చెప్పిస్తే సరిపోదా? పజిల్ ఎందుకు?

వరుసగా పరిచయాలు చెప్పించేటప్పుడు తన వంతు వచ్చేదాకా ప్రతి ఒక్కరూ తాను చెప్పబోయే మాటలనే మనసులో కూర్చుకుంటూ ఉంటారు. వంతు అయిపోయాక ఊపిరి పీల్చుకుని ఊరుకుంటారు. పక్కవారు చెప్పింది ఎవరికీ పెద్దగా గుర్తుండదు. పజిల్ పేర్చేటప్పుడు అందరి చూపూ బొమ్మమీద ఉంటుంది కాబట్టి, నలుగురూ తననే చూస్తున్నారన్న బెరుకు తగ్గుతుంది. పైగా అక్కడ అడగాల్సిన ప్రశ్నలు చాలా చిన్నవి. "ఆ పసుపు రంగు ముక్క ఎక్కడుందో కనిపించిందా?" అని అడగడానికి నిన్ననే చేరిన ట్రైనీకి కూడా ధైర్యం కూడగట్టుకోవలసిన పనిలేదు. క్విజ్ పెడితే తెలిసినవారిదే పైచేయి అవుతుంది, పాట పాడమంటే గొంతు ఉన్నవారే ముందుకొస్తారు. మూల ముక్కను వెతకడంలో మాత్రం డైరెక్టరుకూ ట్రైనీకీ తేడా ఉండదు.

అయితే పజిల్ తనంతట తాను ఎవరిచేతా మాట్లాడించదు. అందరూ మ్యూట్‌లో ఉండి, ఎవరి మౌస్‌తో వారు ముక్కలు పెట్టుకుంటూ పోతే అది సమష్టిగా ఆడిన ఒంటరి ఆట అవుతుంది. ఏ బొమ్మ తీసుకోవాలి, ఎన్ని ముక్కలు చేయాలి, ఎలా నడపాలి అన్న ప్రతి నిర్ణయాన్నీ "దీనివల్ల ఒకరినొకరు అడగవలసిన అవసరం కలుగుతుందా?" అన్న ఒక్క ప్రశ్నతోనే తేల్చుకోవాలని మా అభిప్రాయం. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఎలాంటి సందర్భాల్లో ఇది నప్పుతుంది? ఎప్పుడు వద్దు?

కొత్తవారు చేరిన వారం, రెండు టీమ్‌లను కలిపేసిన తరువాత జరిగే మొదటి సమావేశం, ఒకటి రెండు రోజుల శిక్షణకు ముందు పావుగంట, ఇవి దీనికి తగిన సందర్భాలు. ఉద్యోగాల కోత జరిగిన వారంలోనో, ప్రాజెక్టు విడుదల గడువు నెత్తిమీద ఉన్న రోజునో పెడితే, ఎంత మంచి పజిల్ అయినా జనానికి చిరాకు తెప్పిస్తుంది. టీమ్‌లో ఇద్దరి మధ్య నిజమైన గొడవ ఉంటే దాన్ని మేనేజర్ కూర్చోబెట్టి మాట్లాడి తేల్చాలి. ఆట దానికి మందు కాదు.

ఎలాంటి బొమ్మను ఎంచుకోవాలి?

ఇంటర్నెట్‌లో దొరికే మంచుకొండలు, సరస్సులు, బెలూన్ల ఫొటోలతో పజిల్ బాగానే సాగుతుంది కానీ, పూర్తయ్యాక దాని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. టీమ్ సభ్యుల జీవితంలోంచి వచ్చిన బొమ్మ అయితే ఒక్కో ముక్క దగ్గరా ఒక కబురు పుడుతుంది.

బొమ్మలో ఏముందన్నది ఒక ఎత్తయితే, అది ముక్కలుగా కోయడానికి తగినదా కాదా అన్నది మరొక ఎత్తు. ఫొటోలో సగభాగం ఖాళీ ఆకాశమో సముద్రమో అయితే ఆ సగంలోని ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి. చార్మినార్‌ను కింది నుంచి పైకి తీసిన ఫొటో చూడడానికి గంభీరంగా ఉంటుంది కానీ, పజిల్‌గా మారిస్తే నీలి ముక్కల గుట్ట మిగులుతుంది. అదే చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు తీసిన ఫొటో అయితే ప్రతి ముక్కలోనూ వేరే రంగు, వేరే వస్తువు ఉంటుంది. ముగ్గు ఫొటో పెడదామని చాలామందికి తోస్తుంది. నాలుగు వైపులా ఒకేలా ఉండే ముగ్గును ముక్కలు చేస్తే ఒకే రేఖలున్న ముక్కలు నాలుగేసి తయారవుతాయి కాబట్టి, తొలి పరిచయానికి దాన్ని వాడవద్దని సలహా ఇస్తాం. వరసగా పేర్చిన కొండపల్లి బొమ్మలు, గళ్లుగళ్లుగా కథ నడిచే చేర్యాల నకాశీ చిత్రం, టిఫిన్ సెంటర్‌లో రకరకాల ప్లేట్లు పరిచిన బల్ల, ఇలాంటివి బాగా పనిచేస్తాయి. ఎవరైనా ఒక ముక్కను చూసి దాన్ని మాటల్లో వర్ణించగలగాలి. "ఎర్ర తలపాగా, పక్కన ఏనుగు తొండం" అని చెప్పగలిగితే ఆ బొమ్మ మంచిదే. "కొంచెం లేత నీలం" అని మాత్రమే చెప్పగలిగితే మరొకటి వెతకండి.

మ్యాపు కూడా చక్కటి ఎంపిక. అసలు ఈ పజిళ్ల చరిత్రే మ్యాపులతో మొదలైంది. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే చిత్రఫలకాల చెక్కడపు పనివాడు, పిల్లలకు భూగోళం నేర్పడానికి, మ్యాపును చెక్కమీద అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. సభ్యుల సొంతూళ్లను గుర్తుపెట్టిన మ్యాపును పజిల్‌గా చేస్తే, "ఈ ముక్కలో పలాస ఉంది, పలాస ఎవరిది?" అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఆ వెంటనే జీడిపప్పు ప్రస్తావన రాకుండా ఉండదు.

సభ్యులందరి ఫొటోలూ కలిపి ఒకే పజిల్‌గా చేయవచ్చా?

చేయవచ్చు, మేము అన్నిటికన్నా ఎక్కువగా సిఫారసు చేసేది ఇదే. ముఖాల ఫొటోలు అడగవద్దు. ఒక చిన్న అంశం ఇచ్చి, దానికి తగ్గ ఫొటో ఒకటి పంపమనండి: మీ కిటికీలోంచి కనిపించేది, మీరు పనిచేసే బల్ల, ఇంట్లో మీకు ఇష్టమైన మూల, ఈ వారం తిన్న మంచి టిఫిన్. ఎవరి ఫొటో ఏదో ముందుగా ఎవరికీ చెప్పకండి.

పన్నెండుమంది ఉంటే ఫొటోలను అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు వచ్చేలా పేర్చి ఒకే చిత్రంగా చేయండి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఆ చిత్రాన్ని 8 నిలువు వరసలు, 6 అడ్డు వరసలుగా 48 ముక్కలు చేస్తే, ముక్కల అంచులు సరిగ్గా ఫొటోల సరిహద్దులమీదే పడి, ఒక్కో ఫొటోకు నాలుగేసి ముక్కలు వస్తాయి. అప్పుడు ఎవరి ఫొటో వారు పేర్చుకుని తప్పుకోవచ్చు. అదే చిత్రాన్ని 7 నిలువు, 5 అడ్డు వరసలుగా 35 ముక్కలు చేస్తే సరిహద్దులు ముక్కల మధ్యలోంచి పోతాయి. ఒక్కో ఫొటోకు పూర్తిగా సొంతమైన ముక్క ఒకటే మిగులుతుంది. తక్కిన 23 ముక్కల్లోనూ రెండేసి ఫొటోలో, కొన్నింట్లో నాలుగేసి ఫొటోలో కలిసి ఉంటాయి. ఆ ముక్క ఎక్కడిదో తేలాలంటే ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు.

ఒక సెషన్‌లో ఇలాంటి ముక్క దగ్గర జరిగిన సంభాషణ చెప్పుకోదగ్గది. ముక్కలో ఎడమవైపు కొబ్బరి మట్ట కొస, కుడివైపు నల్లటి నీళ్ల ట్యాంకు అంచు ఉన్నాయి. కాకినాడ నుంచి పనిచేసే ఇంజనీరు ఆ కొబ్బరి చెట్టు తమ పెరట్లోదన్నాడు. కూకట్‌పల్లిలో ఉండే టెస్టర్ ఆ ట్యాంకు తమ అపార్టుమెంటు మీదిదేనని, తమ కిటికీకి కొబ్బరి చెట్టు కనిపించదని అన్నది. ముక్కను వారిద్దరి ఫొటోల మధ్య పెట్టాక ఇద్దరి మాటా నిజమేనని తేలింది. అప్పటికే టెస్టర్ ఎండాకాలంలో ఆ ట్యాంకులోకి వచ్చే వేడినీళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది, మరో ముగ్గురు తమ తమ అపార్టుమెంట్ల నీటి కష్టాలతో అందుకున్నారు. పజిల్ కాసేపు ఆగిపోయింది, దాన్ని ముందుకు నడపాలని ఎవరూ తొందరపడలేదు.

చిత్రం కొలతలు ఎంత ఉండాలి?

అడ్డంగా ఉన్న చిత్రమే తీసుకోండి, ఎందుకంటే ల్యాప్‌టాప్ తెర అడ్డంగానే ఉంటుంది. 1600 × 1200 పిక్సెళ్లు ఉంటే 48 ముక్కలకు ఒక్కో ముక్క సుమారు 200 × 200 పిక్సెళ్లు వస్తుంది, అది స్పష్టంగా కనిపించడానికి చాలు. ఫోన్‌లో తీసిన అసలు ఫొటోను అంత పెద్ద ఫైలుగానే ఎక్కిస్తే నెట్ నెమ్మదిగా ఉన్నవారికి పజిల్ తెరుచుకోవడానికే సమయం పడుతుంది, ముందుగా తగ్గించండి.

ఎన్ని ముక్కలు చేయాలి?

తొలిసారి నడిపేవారు సాధారణంగా మరీ ఎక్కువ ముక్కలు చేస్తారు. ముక్కలు రెట్టింపయితే కష్టం కూడా రెట్టింపే అవుతుందని అనుకోవడం దీనికి కారణం. నిజానికి ఒక ముక్కకు జత వెతకడమంటే తక్కినవాటన్నిటితో పోల్చి చూడడమే. 24 ముక్కల్లో అలా పోల్చదగ్గ జతలు 276 ఉంటే, 48 ముక్కల్లో 1,128, 96 ముక్కల్లో 4,560 ఉంటాయి. అంటే ముక్కలు రెండింతలైన ప్రతిసారీ వెతుకులాట దాదాపు నాలుగింతలవుతుంది.

అంచు ముక్కల లెక్క కూడా చూసుకోవాలి. అంచు ముక్కలకు ఒక వైపు తిన్నగా ఉంటుంది కాబట్టి వాటిని గుర్తుపట్టడం సులువు. 6 × 4 అమరికలో 24 ముక్కలకు 16 అంచువే, లోపలివి ఎనిమిదే. 8 × 6 అమరికలో అంచువి 24, లోపలివి 24. 12 × 8 అమరికకు వెళ్లేసరికి అంచువి 36 అయితే లోపలివి 60. పజిల్‌లో జనం నీరసపడేది లోపలి ముక్కల దగ్గరే.

కాబట్టి నలుగురైదుగురికి పది నిమిషాలు మాత్రమే ఉంటే 24 నుంచి 35 ముక్కలు, పావుగంట పైన ఉంటే 48 ముక్కలు పెట్టుకోండి. అంతకు మించితే పరిచయాల ఆట కాస్తా పనిగా మారుతుంది. ముందురోజు మీరు ఒక్కరే కూర్చుని పేర్చి చూడండి. మీకే విసుగు పుట్టినచోట వారికీ పుడుతుంది.

ఏ వెబ్‌సైట్ వాడాలి?

సైట్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. జిగ్‌సా ప్లానెట్‌లో మీ చిత్రాన్ని ఎక్కించి, ముక్కల సంఖ్య, ఆకారం ఎంచుకుంటే ఒక లింక్ వస్తుంది. ఆ లింక్ తెరిచిన ప్రతి ఒక్కరికీ వేరే ప్రతి తెరుచుకుంటుంది, ఎవరిది వారే పేర్చుకోవాలి. జిగ్‌సా ఎక్స్‌ప్లోరర్‌లో మల్టీప్లేయర్ పద్ధతి ఉంది. ఒకరు ఆట మొదలుపెట్టి లింక్ పంపితే తక్కినవారు అదే బల్లమీదికి వచ్చి చేరినట్టు, ఒకరు కదిపిన ముక్క అందరి తెరల మీదా కదులుతుంది. రెండూ ఉచితంగానే వాడుకోవచ్చు, ప్రకటనలు మాత్రం కనిపిస్తాయి.

మల్టీప్లేయరే మేలని చాలామంది వెంటనే అంటారు. మా అనుభవం వేరుగా ఉంది. అందరి చేతిలోనూ మౌస్ ఉన్నప్పుడు మాటతో పనిలేకుండానే పని జరిగిపోతుంది. దానికి బదులు, మొదటి రకం సైట్‌లోనే ఒకరు పజిల్ తెరిచి స్క్రీన్ షేర్ చేసి, తక్కినవారు నోటితో చెబితేనే ముక్కను కదపాలన్న నియమం పెట్టి చూడండి. "కింది నుంచి రెండో వరసలో, పచ్చ చొక్కా పక్కన పెట్టండి", "అది కాదండీ, దాని ఎడమవైపుది" అంటూ మాటలు ఆగకుండా సాగుతాయి. రెండు మూడు నిమిషాలకోసారి మౌస్ పట్టేవారిని మార్చాలంటే, అప్పటిదాకా పేర్చింది కొత్తవారి తెరమీదికి రాదు కాబట్టి, మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే రిమోట్ కంట్రోల్ సదుపాయంతో అదే తెరమీద మౌస్‌ను అప్పగించండి.

మా కంపెనీ నెట్‌వర్క్‌లో ఆటల సైట్లు తెరుచుకోవు. ఏం చేయాలి?

ముందుగా ఐటీ విభాగాన్ని అడగండి. అనుమతి రాకపోతే గూగుల్ స్లైడ్స్‌లో మీరే తయారుచేసుకోవచ్చు. ఒక స్లైడ్‌లో చిత్రాన్ని చొప్పించి, దానికి 24 ప్రతులు చేసి, ఒక్కో ప్రతిని ఒక్కో గడి మేరకు క్రాప్ చేయండి. తరువాత ముక్కలన్నిటినీ స్లైడ్ అంచుల్లో చెల్లాచెదురుగా సర్ది, మధ్యలో ఖాళీ చట్రం ఒకటి గీసి, ఎడిట్ చేసే అనుమతితో లింక్ పంపితే అందరూ ఒకేసారి ముక్కలు జరపవచ్చు. ముక్కలు చదరంగా ఉంటాయి, ఒకదానిలో ఒకటి ఇమిడే బొడిపెలు ఉండవు, సరైన చోట పెట్టగానే అతుక్కోవు. బొడిపెలే కావాలనుకుంటే పవర్‌పాయింట్‌లో జిగ్‌సా ఆకారాలను గీసి, చిత్రాన్నీ ఆకారాలనూ కలిపి ఎంచుకుని, మెర్జ్ షేప్స్ కింద ఉండే ఫ్రాగ్మెంట్ ఆదేశంతో కోయవచ్చు. ఇది ఓపిక ఉన్నవారి పని.

అసలు ఫైలు ఒకటి విడిగా దాచుకోవడం మరవకండి, ఎందుకంటే ఎవరో ఒకరు పొరపాటున ఒక ముక్కను చెరిపేయడం చాలా మామూలు.

ముక్కలను తిప్పవలసి వచ్చే ఆప్షన్ పెట్టాలా?

వద్దు. తలకిందులుగా ఉన్న ముక్కలను తిప్పుకుంటూ కూర్చోవడంలో కష్టం పెరుగుతుందే తప్ప మాట పెరగదు.

పూర్తి బొమ్మను ముందే చూపించాలా?

సహకారం నేర్పడమే ఉద్దేశమైతే చూపించండి. కొత్తవారి పరిచయమే ఉద్దేశమై, బొమ్మ టీమ్ ఫొటోలతో చేసినదైతే చూపించకండి. ఏమి బయటపడుతుందోనన్న ఊహాగానాలే సగం సంభాషణ.

ఒక గుంపులో ఎంతమంది ఉండాలి?

నలుగురైదుగురు. ముగ్గురే అయితే ఒకరు మాట్లాడకపోయినా ఆట కుంటుతుంది, ఆరుగురు దాటితే ఒకరిద్దరు ప్రేక్షకులైపోతారు. పెద్ద టీమ్ అయితే బ్రేకౌట్ రూమ్‌లుగా, అంటే మీటింగ్‌లోనే విడివిడి చిన్న గదులుగా, విడగొట్టండి. రోజూ కలిసి పనిచేసేవారిని ఒకే గదిలో వేయకండి.

నడిపేవారు ఏమి చేయాలి?

సెషన్‌కు ముందు లింక్‌ను మీ ఖాతాలోంచి కాక, వేరే బ్రౌజర్‌లోంచి తెరిచి చూడండి. మీకు తెరుచుకున్నది ఇతరులకు తెరుచుకోకపోవడం తరచూ జరుగుతుంది. మొదలుపెట్టేటప్పుడు నియమాలను రెండు వాక్యాల్లో చెప్పి ముగించండి. "మైకులు ఆన్‌లో ఉంచండి. ముక్కను కదిపే ముందు అందులో ఏముందో పైకి చెప్పండి" అంటే చాలు.

ఆట నడుస్తున్నప్పుడు మీరు ముక్కలు పెట్టవద్దు, ఎక్కడ పెట్టాలో సూచించవద్దు. మీ దృష్టి మనుషుల మీద ఉండాలి. ఎవరి గొంతు ఇంతవరకు వినిపించలేదో గమనించి, "లక్ష్మి గారూ, మీకు పైవైపు ఏమైనా కనిపిస్తోందా?" అని పేరు పెట్టి పిలిచి, బొమ్మ గురించే అడగండి. "మీరు ఏమీ మాట్లాడడం లేదేం?" అని అడిగితే ఆ మనిషి మరింత ముడుచుకుపోతారు. కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టవలసిన అవసరం లేదు, ఈ ఆటకు గొంతు చాలు.

ఇరవై నిమిషాల సెషన్‌లో నియమాలకు రెండు నిమిషాలు, పజిల్‌కు పదీ పన్నెండు, తరువాతి కబుర్లకు మిగిలింది కేటాయించండి. సమయం తక్కువ పడితే పజిల్ సమయాన్నే తగ్గించండి.

గుంపుల మధ్య పోటీ పెట్టవచ్చా? బహుమతి ఇస్తే హుషారు వస్తుంది కదా?

హుషారు వస్తుంది, కానీ మాట పోతుంది. గడియారం పరుగు మొదలుపెట్టగానే ప్రతి గుంపులోనూ చేయి వేగంగా ఆడేవారొకరు మౌస్‌ను లాక్కుంటారు, తక్కినవారు వారికి అడ్డు రాకూడదని ఊరుకుంటారు. ఇప్పటికే బాగా కలిసిపోయిన టీమ్‌కు పండుగ రోజున పోటీ పెట్టండి, తప్పులేదు. తొలి పరిచయం నాడు మాత్రం సమయం చూపించే గడియారాన్ని కూడా తెరమీద దాచేయండి.

ఒకరిద్దరే ముక్కలన్నీ పెట్టేస్తుంటే ఎలా ఆపాలి?

వారిని మందలించడం కన్నా ఆట అమరికను మార్చడం మంచిది. చిత్రాన్ని ఐదారు పెద్ద ముక్కలుగా కోసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్కను విడిగా చాట్‌లో పంపండి. తన ముక్కను ఎవరికీ చూపించకూడదు, మాటల్లో మాత్రమే వర్ణించాలి. అందరి వర్ణనలూ విని, ఏ ముక్క ఎక్కడ వస్తుందో, మొత్తం బొమ్మ ఏమిటో గుంపు కలిసి తేల్చాలి. తన ముక్క గురించి తనకు తప్ప మరెవరికీ తెలియదు కాబట్టి ఎంత చురుకైనవారైనా మౌనంగా ఉన్నవారిని అడగక తప్పదు.

ఈ ఆలోచనకు తరగతి గదిలో గట్టి పునాది ఉంది. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్ నగరంలో, అప్పటిదాకా జాతుల వారీగా వేర్వేరు బడులకు వెళ్లిన పిల్లలను ఒకే బడిలో కలిపినప్పుడు, తరగతుల్లో వైరం, భయం పెరిగాయి. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్, ఆయన విద్యార్థులు కలిసి పిల్లలను చిన్న గుంపులు చేసి, పాఠాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కో పిల్లవాడికి ఒక్కో భాగం మాత్రమే ఇచ్చారు. మొత్తం పాఠం రావాలంటే ప్రతి ఒక్కరూ తక్కినవారు చెప్పేది వినాలి. అప్పటిదాకా వెక్కిరించిన పిల్లవాడి మాటనే శ్రద్ధగా వినవలసిన అవసరం అక్కడ కలిగింది. దాన్ని జిగ్‌సా తరగతి గది పద్ధతి అంటారు, ఇప్పటికీ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

ఫోన్ నుంచి చేరేవారి సంగతేమిటి?

మీటింగ్, పజిల్ రెండూ ఒకే ఫోన్‌లో తెరవడం కష్టం. అలాంటివారు ఒక్కరున్నా స్క్రీన్ షేర్ పద్ధతినే ఎంచుకోండి. అందులో చూస్తూ మాట్లాడితే చాలు.

రంగులు సరిగా గుర్తుపట్టలేనివారు, చూపు సమస్య ఉన్నవారు టీమ్‌లో ఉంటే?

ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియకపోవడం పురుషుల్లో అంత అరుదేమీ కాదు, చాలామంది దాన్ని పైకి చెప్పుకోరు. చిత్రాన్ని ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడు కూడా వస్తువులు విడివిడిగా తెలుస్తుంటే ఆ చిత్రం వాడవచ్చు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌మీద ఆధారపడే సహోద్యోగి ఉంటే మాత్రం జిగ్‌సా పెట్టవద్దు, అందరూ సమానంగా పాల్గొనగలిగే మాటల ఆటను ఎంచుకోండి. ఒకరిని పక్కన కూర్చోబెట్టి ఆడే ఆట పరిచయాలకు పనికిరాదు.

అమెరికాలో ఉన్న సభ్యులతో కలిపి ఎప్పుడు పెట్టుకోవాలి?

మన రాత్రి 8:30 గంటలకు డాలస్‌లో, మార్చి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా నడిచే వేసవి సమయం ప్రకారం ఉదయం 10 గంటలు, చలికాలంలో 9 గంటలు అవుతుంది. అది ఇక్కడివారికి ఇంట్లో భోజనాల వేళ కాబట్టి ఎప్పుడూ ఒక పక్కవారే సర్దుకోవలసి రాకుండా, ఒకసారి ఇక్కడి రాత్రి, మరోసారి అక్కడి రాత్రి పెట్టండి. భిన్న భాషలవారు ఉన్న గుంపులో తెలుగువాళ్లం మనలో మనం తెలుగులోకి జారిపోవడం సహజం. ఆ పావుగంట అందరికీ తెలిసిన భాషలోనే ఉండడం మర్యాద.

ఫొటోల విషయంలో ఏ జాగ్రత్తలు అవసరం?

ఉచిత సైట్లలో ఎక్కించిన చిత్రం అందరికీ కనిపించే అవకాశం ఉంది. అందువల్ల పిల్లల ముఖాలు, ఇంటి నంబర్లు, బండి నంబర్లు, బల్లమీద తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లోని కస్టమర్ వివరాలు ఏ ఫొటోలోనైనా ఉన్నాయేమో ఒక్కొక్కటీ పెద్దదిగా చేసి చూడండి. ఫోన్‌లో తీసిన ఫొటో ఫైలులో ఆ చోటు ఎక్కడిదో తెలిపే సమాచారం దాగి ఉండవచ్చు. ఫొటోలను స్క్రీన్‌షాట్ తీసి వాడితే అది పోతుంది. ఫొటో పంపినవారికి దాన్ని ఎక్కడ వాడబోతున్నారో ముందే చెప్పి అనుమతి తీసుకోండి. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతికే ప్రాధాన్యం ఇచ్చింది. ఫొటో పంపడం ఇష్టం లేదన్నవారిని కారణం అడగవద్దు, వారి గడిలో వారికి నచ్చిన రంగో పువ్వో పెట్టండి.

బయటి చిత్రాలు వాడేటప్పుడు సినిమా పోస్టర్లు, పత్రికల ఫొటోలు తీసుకోవద్దు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు హక్కులు దాన్ని తీసినవారి జీవితకాలమంతా, వారు చనిపోయాక మరో 60 ఏళ్లు ఉంటాయి. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛగా వాడుకోదగ్గ చిత్రాలున్నాయి, చాలావాటికి తీసినవారి పేరు తెలపడం షరతు.

సమయం అయిపోయినా పజిల్ పూర్తికాకపోతే?

ఆపేయండి. మిగిలిన ముక్కలు ఎక్కడివో అందరికీ అర్థమైపోయాక పేర్చి చూపించే పనికోసం ఎవరినీ కూర్చోబెట్టవద్దు. అప్పటిదాకా అయిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూపులో పెడితే, ఆసక్తి ఉన్నవారు తీరిక వేళ పూర్తిచేసుకుంటారు.

పూర్తయ్యాక ఏమి మాట్లాడించాలి?

"ఈ ఆట నుంచి ఏమి నేర్చుకున్నారు?" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే అందరూ మళ్లీ ఆఫీసు మాటల్లోకి వెళ్లిపోయి, టీమ్‌వర్క్ ముఖ్యమని చెప్పి ఊరుకుంటారు. బొమ్మలోకే తీసుకెళ్లండి. ఈ కిటికీ ఎవరిది, ఆ గోడమీది క్యాలెండర్ ఏ ఊరి దుకాణానిది, ఈ పెసరట్టు ఇంట్లో వేసిందా, బయట తిన్నదా అని అడగండి. ఫొటో ఎవరిదో గుంపు ఊహించాక ఆ సొంతదారు ఒకటి రెండు మాటలు చెబితే బాగుంటుంది, చెప్పకపోయినా ఫరవాలేదు.

ఎన్నాళ్లకోసారి పెట్టవచ్చు?

కొత్తవారు వచ్చినప్పుడల్లా పెట్టండి, ప్రతి సోమవారం మాత్రం వద్దు. ఒకసారి వాడిన చిత్రాన్ని అదే టీమ్‌కు మళ్లీ పెట్టినా పనిచేయదు. కొత్తగా చేరిన మనిషి ఫొటోను పాత ఫొటోల మధ్య చేర్చి, గడుల లెక్క మళ్లీ సరిచూసుకుని, కొత్త పజిల్ చేయండి. పాతవారు తమకు తెలిసిన ఫొటోల గురించి కొత్తవారికి చెప్పే పనిని తామే మీద వేసుకుంటారు. సెషన్ ముగిశాక సైట్‌లో పెట్టిన పాత పజిల్‌ను తీసేయడానికి, ఉద్యోగం మానేసినవారి ఫొటోను తరువాతి పజిల్‌లో వాడకుండా చూడడానికి ఒకరిని బాధ్యులుగా నియమించండి.